మంచం మీద రోగి, ఫ్లెక్సీ మీద హీరో

జగిత్యాలలో నేను పనిచేసిన ప్రైవేటు ఆసుపత్రికి గుండె డాక్టరే యజమాని. ఒక ఏడాది ఆయన హైదరాబాదులో ఏదో సదస్సుకు పోయివచ్చాడు, కొత్త పిచ్చి ఒకటి అంటించుకుని. వెనక వరండా పక్కనున్న స్టోరు గదిని ఖాళీ చేయించి, "గుండె, ఊపిరితిత్తుల పునరావాస విభాగం" అని బోర్డు రాయించి, ఒక నాయకుడిని పిలిచి రిబ్బను కత్తిరింపజేశాడు. గదిలో ఒక ట్రెడ్‌మిల్, రెండు కుర్చీలు, గోడకు గుండె బొమ్మ. నర్సుగా నన్ను వేశాడు. ఫిజియోథెరపిస్టును కూడా పెడతానన్నాడు. ఆ మాట రిబ్బను ముక్కలతో పాటే చెత్తబుట్టలోకి పోయింది.

బోర్డు చూసి మొదట వచ్చినవాళ్లు గుండె రోగులు కారు. సిరిసిల్ల దిక్కు ప్రాజెక్టులో ఊళ్లు మునిగినవాళ్లు కొందరు, ఇళ్ల జాగాల సంగతి కనుక్కుందామని వచ్చారు. కూర్చోబెట్టి నీళ్లిచ్చి పంపించాను. పునరావాసం అంటే ఏమిటో మా డాక్టరు కన్నా వాళ్లకే బాగా తెలుసు. ఆయన దృష్టిలో అది ఒక గది పేరు, అంతే. ట్రెడ్‌మిల్ మీద పొద్దున పూట ఆయన భార్య నడిచేది. ఆమె దిగాక సెలైన్ డబ్బాలు ఎక్కేవి. వానాకాలంలో దాని మీదే తువ్వాళ్లు ఆరేసేవారు.

నా పని మీద జనానికి ఒకటే అభిప్రాయం. "గీమె సూది ఎయ్యది, గోలి ఇయ్యది, ఉత్తగ నడిపిస్తది" అనేవాళ్లు నా ఎదుటే. గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, భయంతో ముడుచుకుపోయిన మనిషిని మళ్లీ తన కాళ్ల మీద తిరిగేలా చేయడం ఆ ఉత్త పని. నాడి చూడాలి, బీపీ చూడాలి, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూడాలి. తర్వాత వరండాలో పక్కనే నడుస్తూ మాట్లాడించాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగితే నెమ్మదించాలి. కోరుట్ల నుంచి వచ్చే బీడీల ఆడవాళ్లకు పెదవులు సన్నగా చేసి, వేడి చాయ్‌ని ఊదినట్టు ఊపిరి వదలడం నేర్పాలి. ఏ మెట్టు దగ్గర ఆగాలో, పచ్చడి ఎందుకు తగ్గించాలో, బట్టలు పిండేటప్పుడు ఊపిరి ఎందుకు బిగబట్టకూడదో విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చెప్పాలి. నేను విసుక్కునేదాన్ని. అయినా చెప్పేదాన్ని.

ఈ విసుగు సిరిసిల్లలో మొదలైంది. మా నాన్న పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. మగ్గాలు ఆగిపోయిన ఏళ్లలో మా వాడలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కొందరు భీవండి పోయారు, కొందరు సూరత్ పోయారు. నాన్న పోలేకపోయాడు, ఎందుకంటే బస్టాండు దాకా నడిస్తేనే ఆయాసం. ఆయన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు బ్రెడ్డు ప్యాకెట్లు, ద్రాక్షపండ్లు తెచ్చి, "కదలకు, పండుకో" అని చెప్పి పోయేవాళ్లు. ఆయన బుద్ధిగా విన్నాడు. విని విని, కాళ్లలో సత్తువ పోయి, చివరికి లేవాలనుకున్నా లేవలేకపోయాడు. పడుకోబెట్టి చంపారని నాకు నర్సింగు చదివాకగానీ తెలియలేదు. అప్పటి నుంచి బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా దిక్కు రోగిని చూడబోవడం పెద్ద కార్యక్రమం. మనిషి పోయాక చేసే చిన్న కార్యానికి రానివాడు కూడా దానికి వస్తాడు. వచ్చేసరికి రోగి పడుకుని ఉండాలి. కూర్చుని ఉంటే వచ్చినవాడి మొహం చిన్నబోతుంది. అంత దూరం బస్సెక్కి వచ్చింది కూర్చున్న మనిషిని చూడ్డానికా? మూలిగితే ఇంకా సంతోషం. ఇక వచ్చినవాడు తమ ఊళ్లో అదే జబ్బుతో పోయినవాడి కథ మొదలుపెడతాడు. పాడె దాకా చెప్పి, చాయ్ తాగి, "ఫికర్ జెయ్యకు" అని లేస్తాడు.

ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె నుంచి ఆ ఏడాదే ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. తాళ్లెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. చెట్లు తగ్గిపోయి, కల్లు మీద ఇల్లు గడవక దుబాయి పోయాడు. అక్కడ కట్టే భవనాల మీద ఏళ్ల తరబడి బరువులు మోశాడు. ఒక మధ్యాహ్నం పని మీదే గుండెపోటు వచ్చింది. అక్కడే స్టెంటు వేశారు. కాస్త కోలుకోగానే కంపెనీ విమానం ఎక్కించి చేతులు దులుపుకుంది. ఇంట్లో భార్య బీడీలు చేస్తుంది, ఇద్దరు పిల్లలు బడికి పోతారు.

భార్య ఆయన్ని రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేయించుకుంటూ తెచ్చింది. డాక్టరు ఈసీజీ, ఎకో చూసి, గుండె దెబ్బతిన్నా ఫర్వాలేదు, నడిపించమని నా గదికి పంపాడు. ఆయన రోజూ నడవాలి అన్నాను. ఆమె నన్ను కసాయిదాన్ని చూసినట్టు చూసింది.

"గుండెకు దెబ్బ తాకిన మనిషిని నడువుమంటవా సిస్టరూ? మంచం దిగనిస్తలేను నేను."

"అందుకే కాళ్లు గిట్లయినయి" అని ఆయన పిక్కలు చూపించాను. చెట్లెక్కిన కాళ్లు అవి. పుల్లల్లా ఉన్నాయి.

పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం ఊళ్లో నడవమని చెప్పి పంపాను. మళ్లీ వచ్చినప్పుడు అడిగితే "నడిచిన సిస్టర్" అన్నాడు. నాడి చూస్తే అబద్ధమని తెలిసిపోయింది. కుర్చీలోంచి లేవమంటేనే గుండె దడదడలాడుతోంది. చెడామడా తిట్టాను. మటన్ సూపు తాగి గోడ చూసుకుంటూ పడుకోవడానికే స్టెంటు వేయించుకున్నావా అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. ఆమె నా వైపు చూడకుండా కొంగు సర్దుకుంది. వీళ్లు బాగుపడరు అని నా మనసులో తేల్చేశాను. ఏం చెప్పినా ఒక్కటే జవాబు, తల ఊపుడు. తల ఊపే రోగులంటే నాకు పరమ చిరాకు.

తర్వాత ఒకరోజు బీపీ మిషను వార్డులో ఉండిపోతే తేవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి వరండాలో ఆయన నడుస్తున్నాడు. పట్టుకున్నవాళ్లు లేరు. చేతులు ఊపుకుంటూ, ఆ కొస నుంచి ఈ కొసకు. ఆమె వాకిలి దగ్గర నిలబడి బయట ఎవరైనా వస్తున్నారా అని కాపలా కాస్తోంది. నన్ను చూడగానే ఆయన టక్కున ఆగి, ఛాతీ పట్టుకుని, గోడకు ఆనుకున్నాడు. సినిమాల్లో కూడా అంత అన్యాయంగా నటించరు.

"ఆపు అన్నా, ఎవరి కోసం గీ నాటకం?" అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. అసలు సంగతి చెప్పాడు.

"నువ్వు ఊర్లె నడువుమంటివి. ఊర్లె నడిస్తే ఏమంటరో ఎరుకేనా సిస్టర్? ఎప్పుడచ్చినవ్ అంటరు. మల్ల ఎప్పుడు పోతవ్ అంటరు. రోడ్డు మీద నడుస్తున్నడంటే మంచిగున్నడన్నట్టే. మంచిగున్నోడు ఊర్లె ఎందుకుండాలె? ఈమె అన్న వీసా పట్టుకొని తయారుగున్నడు. నేను పండుకున్నన్ని దినాలే ఈడ ఉంటా. లేస్తే తోలుతరు."

"డాక్టరు పోవద్దన్నడని చెప్పుండ్రి."

"చెప్పినం" అంది ఆమె. "డాక్టర్లు గట్లనే అంటరు, మా ఊర్లె స్టెంటేసుకొని పోయినోళ్లు లేరా అన్నడు మా అన్న. మంచం మీద మనిషిని చూస్తెనే జెర నోరు మూసుకుంటున్నడు."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. వాళ్లు మూర్ఖులు కారు. ఊరే మూర్ఖపు ఊరు. గల్ఫ్ పల్లెల్లో మగవాడికి రెండే స్థితులు. విమానంలో ఉండాలి, లేదంటే మంచంలో ఉండాలి. ఇంట్లో చొక్కా వేసుకుని ఆరోగ్యంగా తిరిగే మగవాడు ఆ ఊళ్ల లెక్కల్లో ఎక్కడా లేడు. పోతే ఆ ఎండలో ఆ బరువుల కింద ఈ గుండె నిలవదు. పోకుండా పడుకుంటే కాళ్లూ గుండే కలిసి మెల్లగా సన్నగిల్లుతాయి. నాన్నను ఈ చావే తీసుకుపోయింది. దాక్కోవడానికి మంచం మంచి జాగానే, కానీ అందులోనే మనిషి అయిపోతాడు.

నేను అబద్ధాలాడే మనిషిని కాను. కానీ ఆ అన్నగారి లాంటి వాళ్ల ముందు నిజం ఖర్చు పెట్టడం నాకు దండగనిపించింది. "ఊర్లె ఎంత పండుకుంటరో పండుకోండ్రి. నడకకు ఈడికి రండ్రి. సూదులకు పోతున్నమని చెప్పుండ్రి" అన్నాను. ఆమె మొట్టమొదటిసారి నా కళ్లలోకి చూసింది.

అక్కడి నుంచి వాళ్ల బస్సు ప్రయాణం చూడాల్సిన తమాషా అయింది. ఊళ్లో బస్సెక్కేటప్పుడు ఆయన ఆమె భుజం మీద వాలిపోయేవాడు. కోరుట్లలో ఊరివాళ్లంతా ఎటువాళ్లు అటు పోయి, తాము బస్సు మారాక నిటారుగా కూర్చునేవాడు. జగిత్యాలలో బస్టాండు కన్నా ముందే దిగి, ఇద్దరూ నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చేవాళ్లు. పోయేటప్పుడు కోరుట్ల దాటగానే మళ్లీ మూలుగు మొదలు. ఇంటికి ఎవరైనా బ్రెడ్డు తెస్తే దుప్పటి కప్పుకుని, "బతికి ఏం లాభం" అనేవాడట. ఆ మాట చెప్పి వరండాలో పడి పడి నవ్వాడు. నవ్వాక నాడి చూశాను. సర్దుకుంది.

నడుస్తూ మాట్లాడించాలి కాబట్టి మాట్లాడించాను. ఎక్కడెక్కడ పనిచేశాడో, ఏ భవనం ఎంత ఎత్తో చెప్పాడు. మధ్యాహ్నం ఇనుప చువ్వను చేతితో ముట్టుకుంటే తోలు ఊడేదట. గదిలో ఒకరి మీద ఒకరు అంతస్తుల మంచాలు, పక్కన గురక పెట్టేవాడు గొల్లపల్లివాడు, పైన దగ్గేవాడు బుగ్గారంవాడు. మొదట్లో ఒక్కో మాటకూ ఆగిన మనిషి, పోను పోను ఒక కథ మొదలుపెట్టి అది అయ్యేదాకా ఆగకుండా నడిచేవాడు. పిక్కలు మళ్లీ గట్టిపడ్డాయి. ఆమె బెంచీ మీద కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరించుకుంటూ ఓరకంట చూసేది. ఇంత బాగా కోలుకున్న రోగి నాకు అప్పటిదాకా లేడు. సంతోషంగా ఉండేది. ఆ సంతోషాన్ని మా డాక్టరు పసిగట్టాడు, అక్కడే వచ్చింది తంటా.

ఒక పొద్దున ఆయన మా గదికి వచ్చి, ట్రెడ్‌మిల్ మీది సెలైన్ డబ్బాలు దింపించి, రోగిని దాని మీద ఎక్కించి, మెళ్లో కొత్త తువ్వాలు వేయించి, "నవ్వు, నవ్వు" అంటూ ఫోనుతో ఫొటో తీశాడు. రికార్డు కోసమేమో అనుకున్నాం. తర్వాతి వారం కోరుట్ల బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది. ఒక పక్క కోటు వేసుకుని చేతులు కట్టుకున్న డాక్టరు, మరో పక్క తువ్వాలుతో నవ్వుతూ మా రోగి. కింద ఎర్రటి అక్షరాలు: "నిన్న మంచం మీద, నేడు పరుగు మీద!"

కోరుట్ల బస్టాండు! ఆ పల్లెవాళ్లంతా బస్సు మారే చోటు. ఇంకెక్కడా జాగా దొరకనట్టు.

నేను డాక్టరు గదిలోకి పోయాను. "సార్, ఆయన్ని అడిగారా?"

"అడిగేదేముంది? ఫ్రీగా ఫేమస్ అవుతున్నాడు."

తీయించమని బతిమాలాను. అతన్ని మళ్లీ దుబాయి పంపేస్తారని వివరంగా చెప్పాను. ఆయన ఫోనులో ఏదో గీరుకుంటూ విని, "పంపితే పంపనీ, అది మన సక్సెస్ కదా" అన్నాడు. పైగా జగిత్యాలలో ఇంకా పెద్దది పెట్టిస్తున్నానని చెప్పాడు. పుస్తకాలు ఎన్ని చదివితే మనిషి ఇంత మొద్దుబారతాడో నాకు అర్థం కాలేదు. గుండె గురించి మాట్లాడే నోరు అది. తలుపు గట్టిగా వేసి వచ్చాను.

రెండు రోజులకు ఆమె ఫోను చేసింది. ఏడుస్తోంది. "సిస్టరూ, అందరు చూసిండ్రు. అన్న పెద్దమనుషుల పిలిచిండు. నువ్వు రావాలె, నువ్వు చెప్తెనే ఇంటరు." సెలవు రోజున మిషన్లున్న సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కాను. కోరుట్లలో ఆ ఫ్లెక్సీ కింద నిలబడే బస్సు మారాను. నవ్వుతున్న ఆ మొహానికి వీపు తిప్పి నిలబడ్డాను.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమనుషులు, పక్కిళ్లవాళ్లు, చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే వినడానికి వచ్చిన ఆడవాళ్లు. మా రోగి మంచం అంచున కూర్చున్నాడు. దుప్పటి పక్కన పడి ఉంది, ఇక కప్పుకుని లాభం లేదు. మధ్యలో ఆమె అన్న. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంతోమందిని గల్ఫ్ పంపాడు. విమానాశ్రయం గేటు దాకా అందరినీ సాగనంపాడు. తను మాత్రం ఒక్కసారీ ఆ గేటు దాటలేదు.

ఫోనులో ఫ్లెక్సీ బొమ్మను కుర్చీ కుర్చీకీ తిప్పి చూపించాడు. "చూడుండ్రి, మా బావ మిషిని మీద ఉరుకుతున్నడు. ఇంటికచ్చి దుప్పటి కప్పుకుంటున్నడు. నేను ఈయన కోసం వీసా పట్టుకొని ఎదురుచూస్తున్న. గీ మోసం నాకా?"

పెద్దమనిషి ఒకాయన నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సిస్టరమ్మా. మనిషి మంచిగున్నడా, లేడా? రెండిట్ల ఒకటి చెప్పు."

"నడుస్తడు. ఊర్లె చిన్న పని జేసుకుంటడు, దుకాణంల కూసుంటడు. గక్కడి ఎండల బరువులు మోస్తే గుండె ఆగుతది" అన్నాను.

"సగం మంచి సగం చెడ్డ ఏంది? మంచిగుంటే పోవాలె, లేకుంటే పండుకోవాలె" అన్నాడు ఆయన. పక్కవాళ్లు తల ఊపారు. ఇంత తీరిగ్గా ఒక మనిషి చావును మాట్లాడుతూ ఒకాయన పళ్లలో పుల్ల పెట్టుకున్నాడు. వాళ్లందరినీ ఒక్కొక్కరిగా వరండాలో నడిపించి, మాట తెగేదాకా పరిగెత్తించాలనిపించింది.

"ఈసారి బరువుల పని గాదు బావా. లోపట పని. ఏసీ ఉంటది" అన్నాడు అన్న, గొంతు తియ్యగా చేసి.

మా రోగి అప్పుడు నోరు తెరిచాడు. "ఏసీలు పెట్టెటోళ్లం మేము. ఏసీల ఉండెటోళ్లం గాదు. ఆ మాట నీకు ఎరుక లేదు, నువ్వెన్నడు రాలే."

"ఊర్లె ఖాళీగ తిరుగుతవా మరి? నలుగురు ఏమనుకుంటరు? నా చెల్లె బీడీలు జేసి సాదాల్నా నిన్ను?"

ఆ మాటకు అందరూ ఆమె వైపు చూశారు. ఆమె గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. ఆ మనిషిని మంచంలో దాచింది ఆమె, బస్సులో భుజం ఇచ్చింది ఆమె, వాకిలి దగ్గర కాపలా కాసింది ఆమె. చేతిలోని చాట కింద పెట్టి, రెండడుగులు ముందుకు వచ్చింది.

"అన్నా, నువ్వు పో."

"ఏడికి?"

"దుబాయికి. వీసా ఉన్నదంటున్నవ్ గద, దండగైతది. ఏసీ పని అంటున్నవ్. నీ గుండె మంచిగున్నది, కాళ్లు మంచిగున్నయి. ఊర్లె మంచిగున్న మొగోడు ఉండద్దని నువ్వే అంటివి. నువ్వు పో అన్నా."

అన్న నవ్వబోయాడు. వెంట నవ్వినవాళ్లు లేరు. కుర్చీల్లోని కళ్లన్నీ మా రోగి మీద నుంచి లేచి అతని మీదికి పోయాయి. ఆ చూపు నాకు తెలుసు. కాళ్లూ చేతులూ కొలిచి, ఇంకా ఇక్కడెందుకున్నాడు అని అడిగే చూపు. ఆ ఊరి మూర్ఖత్వం నాకు నచ్చిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

మూలన కూర్చున్న ముసలాయన మెల్లగా అన్నాడు, "అవునురా, నా కొడుకులిద్దరిని తోలినవ్. నువ్వెందుకు పోవు?"

"నాకు..." అని ఆమె అన్న ఆగాడు. "నాకు బీపీ ఉన్నది."

సంచిలోంచి మిషను తీశాను. పట్టీ విప్పి అతని ముందు నిలబడ్డాను.

"చెయ్యి ఇయ్యన్నా, చూస్త. నిజంగ ఉంటే నిన్ను గూడ నడిపిస్త."

బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. వెనక వరసవాళ్లు చూడ్డానికి లేచి నిలబడ్డారు. అతను ఇస్త్రీ చొక్కా చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. నేను పట్టీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. మంచం మీది మనిషి అప్పటికే లేచి, అందరి ముందూ చెప్పులు వేసుకుంటున్నాడు.